తరువాతి యాత్ర ఎచ్చటికి?

గోదావరి సీమలో దూరయాత్ర చేసి వచ్చిన గృహస్థుని ఇంట సమారాధన జరుగుట నేటికిని నిలిచియున్న ఆచారము. బంధువులకు, ఇరుగుపొరుగువారికి తీర్థప్రసాదములు పంచుదురు. త్రోవలోని విశేషములు అడుగువారు అడుగుదురు, చెప్పువారు చెప్పుదురు. విస్తళ్ళు ఎత్తకమునుపే ఎవరో ఒక పెద్ద ముత్తైదువ "మరి ఈసారి ఎక్కడికండీ?" అని ప్రశ్నించును. ఆ ప్రశ్న వేడుకగా అడిగినదే అయినను దానికి ఉత్తరము చెప్పుట తేలిక కాదు. ఇంటిలోని ద్రవ్యము ఎంత, పొలముపని ఎప్పటికి తెమలును, తల్లిదండ్రుల మోకాళ్ళకు ఇంకను ఎన్ని మెట్లు ఎక్కు శక్తి ఉన్నది, ఎన్నడో మ్రొక్కిన మ్రొక్కు ఇంకను బాకీయున్నదా, అను లెక్కలన్నియు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నవి. సామాన్య గృహస్థునకు జీవితకాలములో దూరయాత్రలు నాలుగో ఐదో లభించును. కనుక తరువాతి యాత్రను నిర్ణయించు విధము విచారింపదగిన విషయమే.

ఈ విచారము క్రొత్తది కాదు. మహాభారతమున అరణ్యపర్వములో ధర్మరాజు సరిగా ఈ ప్రశ్ననే ఎదుర్కొనెను. అర్జునుడు దివ్యాస్త్రముల కొఱకు వెడలిపోయెను. అతడు లేని కామ్యకవనము మిగిలిన నలువురకును ద్రౌపదికిని శూన్యముగా తోచెను. ఎచ్చటికైనను పోవలెనని అందరకును ఉన్నది గాని ఎచ్చటికో తెలియదు. అప్పుడు నారదుడు వచ్చి, పూర్వము పులస్త్యుడు భీష్మునకు చెప్పిన తీర్థముల వరుసను వినిపించెను. పిదప పురోహితుడైన ధౌమ్యుడు తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అను దిక్కుల క్రమమున తీర్థములను వర్ణించెను. ఇట్లు పేర్లు ఎన్నియో తెలిసినవి గాని యాత్ర మాత్రము ఇంకను కదలలేదు. రోమశ మహర్షి ఇంద్రలోకమునుండి అర్జునుని క్షేమవార్తతో వచ్చి "నేను తోడువచ్చెద" ననిన పిమ్మటనే అది కదలినది. ఈ కథాభాగమును తెలిగించిన నన్నయభట్టారకుడు రాజరాజనరేంద్రుని ఆస్థానమున, రాజమహేంద్రవరములోనే ఉండెననుట గోదావరీ తీరవాసులకు అదనపు సంతోషము.

రోమశుడు మొదట చెప్పిన మాట క్షేత్రములను గూర్చినది కాదు. పరివారమును తగ్గించుకొనుమనియు, తేలికగా ఉన్నవాడే స్వేచ్ఛగా సంచరింపగలడనియు అతడు చెప్పెను. ధర్మరాజు ఆ మాటను వెంటనే పాటించెను. ఆకలిదప్పులకు, మార్గాయాసమునకు, చలికి ఓర్వలేనివారిని, రుచులకు అలవాటుపడి వంటవారిపై ఆధారపడువారిని సగౌరవముగా వెనుకకు పంపెను. వారు ధృతరాష్ట్రుని ఆశ్రయింపవచ్చుననియు, అచ్చట జరుగనిచో పాంచాలరాజు పోషించుననియు దారి చూపెను. తరువాత మూడు రాత్రులు ఆగి, మార్గశీర్ష పూర్ణిమ గడచిన పిమ్మట పుష్యమీ నక్షత్రమున బయలుదేరెను. ఎచ్చటికి పోవలెనను నిర్ణయమునకు ముందు ఎవరు పోగలరను నిర్ణయము జరుగవలెనని ఈ ఘట్టము తెలుపుచున్నది. నేడు ఊరిలో ఒకరు బస్సు మాట్లాడి, పదిదినములలో నలుబది క్షేత్రములని కాగితము పంచిపెట్టగా, ఏడేండ్ల పిల్లవానిని, ఎనుబదేండ్ల ముదుసలిని ఒకే వరుసలో కూర్చుండబెట్టి తీసికొనిపోవు వారు రోమశుని మాటను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలసియున్నది. అట్టి యాత్రలో గోపురములు చూచుట జరుగును గాని స్వామిని సేవించుటకు తీరిక చాలదు.

పులస్త్యుని ఉపదేశములో మరియొక సంగతి కలదు. యజ్ఞములకు సంభారములు కావలెను. అవి రాజులకు, ధనికులకే సాధ్యములు. తీర్థాభిగమనము దరిద్రునకు సైతము అందుబాటులోనున్న ధర్మమని ఆయన చెప్పెను. చేతులు, కాళ్ళు, మనస్సు అదుపులోనున్నవానికే తీర్థఫలము దక్కుననియు చెప్పెను. పోదగిన తీర్థములును గలవు, పోజాలని తీర్థములును గలవు, పోజాలని వానికి మనస్సుతో వెళ్ళవలయునని కూడ ఆయన నిర్దేశించెను. మనస్సుతో వెళ్ళుట శక్తిలేనివానికి ఋషి ఏర్పరచిన మార్గమే గాని, శక్తియుండి కదలనివానికి సాకు కాదు.

డెల్టాలోని గృహస్థులకు యాత్రను నిర్ణయించు పెద్దదిక్కు పంచాంగము. అయితే ఇచ్చటి పంచాంగమునకు వెనుక నీటిలెక్క ఒకటి కలదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి ఈ సీమ జీవనము కాలువల వెంబడి నడచుచున్నది. పూర్వము యాత్రికులు సైతము కాలువపడవలలోనే ప్రయాణించెడివారు. సార్వా పంట ఇల్లుచేరి, దాళ్వా నాట్లు పడిన పిమ్మట మాఘమాసము వచ్చును. రైతు చేతికి కొంత డబ్బును, కొంత తీరికయు దొరకు కాలమది. అంతర్వేది లక్ష్మీనృసింహస్వామి కల్యాణము మాఘ శుద్ధ దశమి రాత్రి, రథోత్సవము మరునాడు భీష్మైకాదశినాడు జరుగును. దాళ్వా కోతలైన తరువాత వేసవిలో కాలువలకు నీరు ఆపుదురు. అప్పుడు వైశాఖము. ద్వారకా తిరుమలలో చిన వేంకటేశ్వరుని వైశాఖ కల్యాణోత్సవములు, అన్నవరమున సత్యదేవుని కల్యాణము అప్పుడే వచ్చును. రెండవమారు ద్వారకా తిరుమల ఉత్సవములు ఆశ్వయుజములో జరుగునప్పుడు చేలలో పైరు నిలిచియుండును. కనుక పొలముగల కుటుంబములు వైశాఖమును, ఉద్యోగస్థులు దసరా సెలవులను ఆశ్రయించి ఆశ్వయుజమును ఎన్నుకొనుట వింత కాదు. స్వామి రెండు అవకాశములు కల్పించినాడని భక్తులు భావించుట సహజమే.

తిథిని బట్టి పోవు యాత్రలలో సప్తసాగరయాత్ర వంటిది ఈ సీమలో మరియొకటి లేదు. గౌతమ మహర్షి తెచ్చిన గోదావరి ఏడు పాయలై సముద్రమున కలియుచున్నదని ప్రతీతి. ఆ పాయల పేర్లు తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భరద్వాజ, కౌశిక, వాసిష్ఠ. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ, యానాముల నడుమనున్న చొల్లంగిలో తుల్యభాగా సంగమస్నానముతో ఈ యాత్ర మొదలగును. ఆ అమావాస్యకు చొల్లంగి అమావాస్య యని పేరే స్థిరపడినది. ఆత్రేయమునకు కోరంగి, భరద్వాజమునకు తీర్థాలమొండి, వృద్ధగౌతమికి కుండలేశ్వరము మొదలగు స్థానములలో స్నానములు సలుపుచు, మాఘ శుద్ధ ఏకాదశి నాటికి అంతర్వేదిలో వాసిష్ఠా సాగరసంగమము చేరుదురు. సంతానార్థులు విశేషముగా ఈ యాత్ర చేయుదురని చెప్పుదురు.

ఈ యాత్రలోని సొగసు ఏమనగా, తరువాత ఎచ్చటికను ప్రశ్న ఇందులో పుట్టనే పుట్టదు. మొదటి అడుగు చొల్లంగిలో పడినచో చివరి అడుగు అంతర్వేదిలో పడవలసినదే. మొదటి తిథియు చివరి తిథియు ముందే నిర్ణీతములు. నడుమ పదిదినములు చిల్లర. వానిలో మడుగులు, ఇసుక తిప్పలు, రేవులు దాటుకొనుచు ఐదు స్నానములు పూర్తిచేయవలెను. నడచిపోయినను, పడవలో పోయినను, మోటారులో పోయినను తిథి మాత్రము ఎవరికొఱకును ఆగదు. 2020 సెప్టెంబరులో ఒక రాత్రి అంతర్వేది స్వామివారి రథము దగ్ధమయ్యెను. భక్తులు ఎంతగానో క్షోభిల్లిరి. అయినను 2021 మాఘమునాటికి క్రొత్త రథము సిద్ధమై, ఏకాదశినాడే రథోత్సవము జరిగినది. పాయలలో కొన్ని కాలక్రమమున పూడిపోయినవి. తుల్యభాగ నేడు చాలవఱకు మురుగునీటి కాలువగా కనబడును. అయినను ఆ అమావాస్యనాడు చొల్లంగికి జనము పోవుచునే యున్నారు. నది చిక్కినను తిథి చిక్కలేదు.

వైనతేయ యను పాయ ఒకటి పెద్దదియే కోనసీమలో ప్రవహించుచున్నను, పై ఏడింటి పేర్లలో అది లేదు. అయినను దాని ఒడ్డుననే అప్పనపల్లి బాలబాలాజీ వెలసి వేలాది భక్తుల నాకర్షించుచున్నాడు. పాత పట్టికలలో చోటు లేనంతమాత్రమున స్వామి రాడనుకొనుట పొరపాటని దీనివలన తెలియుచున్నది.

శ్రీమద్భాగవత దశమస్కంధములో బలరాముని తీర్థయాత్ర వర్ణింపబడినది. నైమిశారణ్యమున రోమహర్షణుని వధించిన దోషమునకు ప్రాయశ్చిత్తముగా, పండ్రెండు మాసములు భారతవర్షమున తీర్థస్నానములు చేయవలెనని ఋషులు ఆయనను ఆదేశించిరి. ఆయన గయ, గంగాసాగరము సేవించి, మహేంద్రపర్వతమున పరశురాముని దర్శించి, అచ్చటినుండి సప్తగోదావరికి వచ్చెను. పిదప వేణ, పంప, భీమరథి, శ్రీశైలము, వేంకటాద్రి, కంచి, కావేరి, శ్రీరంగము అను క్రమమున సాగెను. పటమును ముందుంచుకొని చూచినచో ఈ క్రమము చాలవఱకు నదినుండి నదికి, కొండనుండి కొండకు దక్షిణముగా దిగివచ్చు త్రోవయే. ఎచ్చట ఫలమెక్కువ అను తూకము అందు కనబడదు. త్రోవలో వచ్చిన తీర్థమును విడువకుండ సేవించుటయే కనబడును. 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూరుమంది పరివారముతో పదిహేను మాసములకు పైగా సంచరించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిరి. ఆయన కాశీయాత్రచరిత్ర చదివినవారికి ఒక సంగతి స్పష్టము. ముందరి మజిలీ ఏ ఊరను ప్రశ్నకు ఆయన ప్రతిదినము బాట ఎట్లున్నది, నీరు దొరకునా, అంగళ్ళున్నవా అని విచారించియే ఉత్తరము నిర్ణయించెను. పరమభక్తుడైనను లౌకికవిచారమును ఆయన తక్కువగా చూడలేదు.

ఇక గ్రహమును బట్టి నిర్ణయించు విధము. బృహస్పతి ఏ రాశిలో ప్రవేశించిన ఆ రాశికి చెప్పబడిన నదికి పుష్కరము. మేషమున గంగ, వృషభమున నర్మద, మిథునమున సరస్వతి, కర్కాటకమున యమున, సింహమున గోదావరి, కన్యయందు కృష్ణ, తులయందు కావేరి, ఇట్లు మీనమున ప్రాణహిత వఱకు పండ్రెండు నదులు. వృశ్చికమునకు మాత్రము భీమానది యని కొందరు, తామ్రపర్ణి యని కొందరు అందురు. 2018లో రెండు నదులకును స్నానములు జరిగినవి. 2015లో గోదావరి, 2016లో కృష్ణ, 2017లో కావేరి, 2020లో తుంగభద్ర, 2022లో ప్రాణహిత, 2023లో గంగ, 2024లో నర్మద, 2025లో సరస్వతి పుష్కరములు గడచినవి. సరస్వతి అంతర్వాహిని గనుక తెలుగువారు కాళేశ్వరము త్రివేణీ సంగమమున స్నానములు చేసిరి. కొన్ని కుటుంబములు ఈ చక్రమునే యాత్రాక్రమముగా పెట్టుకొని, ఏటేట పుష్కరము వచ్చిన నదికి పోవుచున్నవి. పండ్రెండేండ్లలో భారతదేశము చుట్టివచ్చుటకు ఇది యొక చక్కని ఉపాయము. అయితే అందఱకు సాధ్యమగునది కాదు. 2020లో తుంగభద్ర పుష్కరము వచ్చునప్పటికి కరోనా వ్యాధి కారణముగా నదీస్నానములపై ఆంక్షలుండుటచే ఎందరో ఒడ్డున నీళ్ళు చల్లుకొని మరలవలసి వచ్చినది.

గోదావరివాసులకు పుష్కరమును గూర్చి చెప్పునప్పుడు 2015 జులై 14 మరువరానిది. పుష్కరము మొదటిదినము ఉదయమున రాజమహేంద్రవరములోని పుష్కరాలరేవు వద్ద తొక్కిసలాట జరిగి 20 మందికి పైగా భక్తులు ప్రాణములు కోల్పోయిరి. వారందఱును పుణ్యస్నానమునకు వచ్చినవారే. ఆ దుర్ఘటనకు అనేక కారణములు చెప్పబడినవి. వానినన్నిటిని ఇచ్చట విమర్శింప పనిలేదు. గృహస్థుడు తన నిర్ణయము వఱకు గ్రహింపదగినది ఒకటి కలదు. పుష్కరుడు నదిలో ఉండునది మొదటిదినము ఒక్కటియే కాదు, పండ్రెండు దినములు. ఒక్క రేవుననే కాదు, నాసిక త్రయంబకము మొదలు అంతర్వేది వఱకు నదియంతట. రాజమహేంద్రవరముననే కోటిలింగాల రేవు కలదు. ఆవలియొడ్డున కొవ్వూరు గోష్పాదము కలదు. క్రిందికి పోయినచో నరసాపురము కలదు. తన ఊరి ప్రక్కననున్న పాయలో ఆఱవదినమునో తొమ్మిదవదినమునో మునిగినవానికి ఫలము తక్కువయని ఏ పెద్దలును చెప్పలేదు. తొలిదినము, తొలిరేవు, తొలిమునక అను ఆతురత భక్తికి సంబంధించినది కాదని చెప్పుట కఠినముగా తోచవచ్చును. కాని పసిబిడ్డలను, వృద్ధులను వెంటబెట్టుకొని పోవు ఇంటి యజమానుడు అట్లు ఆలోచించుటే ధర్మము. గోదావరికి మరల పుష్కరము 2027లో వచ్చుచున్నది.

మ్రొక్కు విషయము వేరు. మిగిలిన విధములలో గృహస్థునకు ఎన్నిక కలదు. మ్రొక్కులో లేదు. నోటితో అన్నమాట స్వామి వద్ద నున్న పత్రము వంటిది. ఈ సీమలో దీనికి చక్కని నియమమొకటి వాడుకలోనున్నది. పెద్ద తిరుపతికి మ్రొక్కిన మ్రొక్కును చిన్న తిరుపతియైన ద్వారకా తిరుమలలో చెల్లింపవచ్చును. చిన్న తిరుపతికి మ్రొక్కినది మాత్రము చిన్న తిరుపతిలోనే చెల్లింపవలెను. దీనిలోని న్యాయము ఆలోచించినకొలది ఇంపుగా నుండును. దూరము పోలేని బీదభక్తునకు శేషాద్రినాథుడే దగ్గరకు వచ్చి నిలిచినాడు. దగ్గరనున్న స్వామికి మ్రొక్కి, వేడుకకొఱకు దూరము పోయి అచ్చట చెల్లించితినని చెప్పుకొనుటకు వీలులేదు. ద్వారకా తిరుమల గర్భాలయమున రెండు ధ్రువమూర్తులు గలవు. ద్వారకుడను ముని తపస్సునకు మెచ్చి పుట్టలో స్వయంవ్యక్తుడైన స్వామి పైభాగము మాత్రమే దర్శనమిచ్చుచుండగా, పాదసేవకు లోటులేకుండ శ్రీమద్రామానుజులు వెనుకవైపున సంపూర్ణమూర్తిని ప్రతిష్ఠించిరని స్థలపురాణము. ఒకరు తపస్సుచేత, ఒకరు కరుణచేత, ఇరువురును స్వామిని జనులకు దగ్గర చేసిరి.

ఆత్రేయపురము మండలములోని వాడపల్లి వేంకటేశ్వరస్వామికి వరుసగా ఏడు శనివారములు దర్శనము చేయుదుమని మ్రొక్కువారు లెక్కకు మిక్కిలిగా నున్నారు. ఇట్టివారికి ఏడువారముల పాటు తరువాతి యాత్ర ఎచ్చటికను సందేహమే ఉండదు. వరుస తప్పనీయరాదను పట్టుదల వారిలో చూచి ముచ్చటపడవలసినదే. సమీపమున ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి, ముందుభాగమున విష్ణురూపముగను, వెనుకభాగమున మోహినీరూపముగను ఒకే శిలలో వెలసియున్నాడు. వాడపల్లికి పోవువారిలో ఎందరో ర్యాలి దర్శింపకయే మరలుట మాత్రము విచారకరము. మ్రొక్కు ఒక క్షేత్రమునకే అయినను, ప్రక్కక్షేత్రమున చేతులు జోడించుటకు మ్రొక్కు అడ్డురాదు.

శ్రీవైష్ణవ గృహములలో దివ్యదేశముల పట్టికను పట్టుకొని యాత్రలు నిర్ణయించు పద్ధతి కలదు. ఆళ్వారుల మంగళాశాసనము పొందినవి నూటయెనిమిది. క్షీరాబ్ధి, పరమపదము భూమిపై చేరదగినవి కావు గనుక మిగిలిన నూటయాఱు మాత్రమే నడచిపోదగినవి. వీనిలో చోళదేశమునవే నలుబది. తెలుగునేలపై నున్నవి తిరుమల, అహోబిలము, ఈ రెండే. గోదావరి డెల్టాలో ఒక్కటియు లేదు. కావున ఇచ్చటి వైష్ణవునకు పట్టిక ననుసరించుటయన్నచో ఇల్లు విడిచి దూరము పోవుట యని అర్థము. ఈ పద్ధతిలో గొప్ప లాభమొకటి, చిన్న ప్రమాదమొకటి కలవు. తామ్రపర్ణీ తీరమున నవతిరుపతులవలె దగ్గరదగ్గరగా నున్నవానిని ఒక్క ప్రయాణమున సేవించి, ఆయా దేశముల పాశురములను ఆయా సన్నిధులలో అనుసంధించు అనుభవము అపూర్వము. అది లాభము. పుస్తకములో గళ్ళు గీసి, చూచినవానికి గుర్తుపెట్టుకొనుచు, ఇక మిగిలినవి ముప్పదియారు అని లెక్కించుకొనుట మొదలిడినచో స్వామి అంకెగా మారును. అది ప్రమాదము. అట్టి లెక్కలో పడినవారు అంతర్వేదిని, కోరుకొండను, ద్వారకా తిరుమలను పట్టికలో లేవను కారణముచేత తేలికగా చూచుట అచ్చటచ్చట కనబడుచున్నది. రామానుజులవారు స్వయముగా కైంకర్యము చేసిన సన్నిధిని తేలికగా చూచు వైష్ణవము ఎట్టిదో వారే చెప్పవలెను.

పెద్దల మాటను బట్టి పోవుట మరియొక మార్గము. దీనికి గోదావరి తీరముననే ప్రసిద్ధమైన తార్కాణము కలదు. 1510 ప్రాంతమున శ్రీకృష్ణచైతన్యులు పురుషోత్తమక్షేత్రమునుండి దక్షిణయాత్రకు బయలుదేరునప్పుడు, సార్వభౌమ భట్టాచార్యులు ఆయనను ఒక్క కోరిక కోరిరి. గోదావరి ఒడ్డున గజపతి ప్రతాపరుద్రుని అధికారిగా నున్న రామానంద రాయలను తప్పక కలిసికొనవలెనని. అధికారి యని, లౌకికుడని ఉపేక్షింపవలదని కూడ చెప్పిరి. సింహాచల నృసింహుని సేవించి చైతన్యులు గోదావరికి వచ్చిరి. నదిని చూడగనే ఆయనకు యమున జ్ఞప్తికి వచ్చెనని చరిత్రకారులు వ్రాసిరి. స్నానమాడి కూర్చుండియుండగా రామానంద రాయలు వాద్యములతో స్నానమునకు వచ్చెను. వారిరువురి నడుమ సుమారు పదిరాత్రులు జరిగిన సాధ్యసాధన సంవాదము గౌడీయ వైష్ణవమునకు మూలస్తంభముగా నిలిచినది. ఆ స్థలము కొవ్వూరు గోష్పాదమని భక్తుల విశ్వాసము. అచ్చట గౌడీయ మఠము కూడ కలదు. ఆ యాత్రలో చైతన్యులు సేవించిన క్షేత్రములు ఎన్నియో కలవు. కాని పెద్దవారి మాటమీద ఒక మనుష్యుని కొఱకు ఆగిన ఆ పదిరాత్రులే లోకమునకు మిగిలినవి. భక్తులే తీర్థములను తీర్థములుగా చేయుదురని ధర్మరాజు విదురునితో అనిన మాట భాగవతమున కలదు.

ఇవేవియు తోచనప్పుడు కొందఱు దేవుని ముందు చీటీలు వేయుదురు. రెండు మూడు క్షేత్రముల పేర్లు వ్రాసి, మడిచి, పళ్ళెములో పెట్టి, పూజచేసి, చిన్నపిల్లవానిచేత ఒకటి తీయించుట పరిపాటి. దీనిని మూఢాచారమని తీసివేయనక్కఱలేదు. ఇంటిలో అన్నదమ్ముల నడుమ, అత్తాకోడండ్ర నడుమ మాట తేలనప్పుడు, ఎవరి పంతమును నెగ్గనీయక స్వామికి వదలుటలో ఒక వినయము కలదు. అయితే మ్రొక్కు బాకీయున్న క్షేత్రమును చీటీలలో కలుపరాదు. అప్పు తీర్చవలెనా వలదా యని చీటీ వేయువాడు ఉండడు గదా! తీసిన చీటీని మరల మడిచి, కోరిన పేరు వచ్చువఱకు తీయించుటయు చీటీ కాదు. అట్టివారు మొదటనే తమ కోరిక చెప్పి బయలుదేరుట మేలు.

ఈ విధములన్నియు ఒకదానితో ఒకటి పెనగులాడు సందర్భమే నిజమైన చిక్కు. కోనసీమలో ఒక గృహస్థు ఉన్నాడనుకొందురు గాక. అతని తల్లికి డెబ్బదియెనిమిదేండ్లు. మనుమని ప్రాణము దక్కినచో శ్రీరంగనాథుని సేవింతునని ఆమె ఒకనాడు మ్రొక్కుకొన్నది. మనుమడు పెరిగి ఉద్యోగములో చేరినాడు గాని మ్రొక్కు అట్లే యున్నది. కుమారునకు రెండు యాత్రలకు ఒకేసారి ద్రవ్యము చాలదు. 2027 పుష్కరమునకు బంధువులందఱు వత్తురు. ఇంటికి సున్నము వేయింపవలెను, వచ్చినవారికి భోజనములు పెట్టవలెను. "పుష్కరాలు కానీయమ్మా, ఆ తరువాత శ్రీరంగం వెళ్దాం" అని అతడనును. ఆమె కాదనదు. కాదనకుండుటే అతనికి చిక్కు.

పైన చెప్పిన విధములను ఒక్కొక్కటిగా ఇచ్చటికి తెచ్చినచో త్రోవ కనబడును. పుష్కరము ఇంటి వాకిటికి వచ్చునది. దానికి ప్రయాణము లేదు, ఎన్నికయు లేదు. గౌతమిలోనో, వైనతేయలోనో పండ్రెండు దినములలో ఒకనాడు వేకువజామున నలుగురు పోయి మునిగిన సరిపోవును. బంధువులకు పెట్టు విందు పుష్కరాంగము కాదు, దానిని సగము చేసికొన్నను లోపము లేదు. శ్రీరంగము అట్లు కాదు. రంగనాథుడు ఎప్పుడును ఉండును గాని తల్లి మోకాళ్ళు ఉండవు. పైగా అది మ్రొక్కు. రోమశుని మాట ప్రకారము ఆ యాత్ర తేలికగా జరుగవలెను. పదునేడుగురు కాదు, తల్లి, కుమారుడు, కోడలు, ఎవరికొఱకు మ్రొక్కినదో ఆ మనుమడు. వైకుంఠ ఏకాదశి ఉత్సవముల సమ్మర్దములో కాదు, సాధారణమైన ఒక వారపుదినమున. త్రోవలో కంచి వచ్చినను, తల్లి అలసియున్నచో కంచిని మనస్సుతో సేవించుటకు పులస్త్యుని అనుమతి ఉండనే యున్నది. కుమారుడు పటమును చూచి "ఇంతదూరము పోయి మధుర చూడకుండ వచ్చుటా?" అనును. అది అతని తరువాతి యాత్ర, తల్లిది కాదు.

అంతర్వేది రథోత్సవము ముగిసిన సాయంకాలము నరసాపురమువైపు పోవు జనము సఖినేటిపల్లి రేవున పంటు కొఱకు ఆగియుండును. చొల్లంగిలో మొదలిడిన సప్తసాగరయాత్ర ఆనాటితో ముగించుకొన్నవారు తడిబట్టల మూటలతో, ప్రసాదపు పొట్లములతో వాసిష్ఠ గట్టున కూర్చుండి యుందురు. పంటు ఆవలియొడ్డునుండి కదలి వచ్చుటకు కొంతసేపు పట్టును. ఆ కొంతసేపటిలో ఎవరో ఒకరు "వైశాఖంలో చిన్న తిరుపతి వెళ్దామా?" అని అడుగుదురు. ప్రక్కనున్నవారు కాలువలకు నీరు ఎప్పుడు ఆపుదురో, దాళ్వా ఎప్పటికి చేతికి వచ్చునో వ్రేళ్ళు మడిచి లెక్కించుట మొదలిడుదురు.